తప్పులతో సహా కుట్టాలి

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఏడు వందలకు పైగా సాంప్లర్లనే కుట్టు గుడ్డలున్నాయి. వాటిలో ఒకదాన్ని జేన్ బోస్టాక్ అనే ఆవిడ 1598లో కుట్టింది. తేదీ వేసి ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అన్నిటికన్నా పాతది అదే. రెండు జానల పొడవు కూడా లేని లినెన్ గుడ్డ. పట్టుదారం, లోహపు జరీ, అక్కడక్కడ చిన్న చిన్న ముత్యాలు. పై భాగంలో మొక్కలు, జంతువులు. మధ్యలో అక్షరాల వరుస, కుట్టినావిడ పేరు, సంవత్సరం. ఆ కిందే ఒక కబురు: ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23న, మంగళవారం మధ్యాహ్నం పూట పుట్టిందని. మిగతా గుడ్డంతా గళ్లు గళ్లుగా, అల్లికలు అల్లికలుగా రకరకాల డిజైన్లు.

ఇదంతా మామూలుగా చూసేవాళ్లకు కనిపించేది. సాంప్లర్లంటే ప్రాణం పెట్టేవాళ్ల చూపు మాత్రం ఆ గుడ్డలో ఖాళీగా ఉన్నచోట ఆగుతుంది. పై భాగంలో కొన్ని బొమ్మలను ముందు కుట్టి, తర్వాత విప్పేశారు. దారం పోయింది గానీ సూది చేసిన రంధ్రాలు పోలేదు. ఆ రంధ్రాల వరుసను బట్టి అక్కడ ఒకప్పుడు వీపు మీద కోట మోస్తున్న ఏనుగు, కాయ కొరుకుతున్న ఉడుత ఉండేవని చెప్పగలిగారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఒకావిడ మనసు మార్చుకున్న సంగతి ఆ రంధ్రాలు ఇవాళ్టికీ చెబుతున్నాయి.

పాత సాంప్లర్లను టాకాకు టాకా లెక్కపెట్టి, అదే కొలతలో, అదే రంగుల్లో మళ్లీ కుట్టే అభిరుచి ఒకటి ఇంగ్లండు, అమెరికా, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ వంటి చోట్ల బాగా పాతుకుని ఉంది. మ్యూజియంలోనో, ఎవరి ఇంటి గోడమీదో ఉన్న అసలు గుడ్డను ఒకరు గళ్ల కాగితం మీదికి ఎక్కిస్తారు. దాన్ని చూసి ఎక్కడెక్కడివాళ్లో కుడతారు. నకలు చేయడమే కదా, అందులో పనితనం ఏముంది అనిపించడం సహజం. ఆ పనితనం ఎక్కడుందో చెప్పడానికే ఈ వ్యాసం.

సాంప్లరంటే కుట్టు నేర్చుకునే గుడ్డ. ఒకప్పుడు డిజైన్ల పుస్తకాలు అరుదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో యోహాన్ షోన్‌స్పెర్గర్ 1520లలో అచ్చు వేసినదాన్ని మొట్టమొదటి కుట్టు డిజైన్ల పుస్తకాల్లో ఒకటిగా చెబుతారు. అలాంటి పుస్తకం అందరి చేతికీ వచ్చేది కాదు. అందుకని ఎక్కడైనా మంచి అంచు కనబడితే దాన్ని ఒక గుడ్డముక్క మీద కుట్టి దాచుకునేవాళ్లు. పదిహేడో శతాబ్దానికి ఇవి సన్నగా పొడుగ్గా, చుట్టచుట్టి పెట్టుకునే పట్టీలయ్యాయి. పద్దెనిమిదో శతాబ్దానికి ఆడపిల్లల బడిపాఠమయ్యాయి: ఒక అక్షరమాల, అంకెలు, ఒక నీతి పద్యం, ఒక ఇల్లు, రెండు చెట్లు, చుట్టూ తీగ అంచు, అడుగున పేరు, వయసు, సంవత్సరం. ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలే వీటిలో చాలావాటిని కుట్టారు. ఆ పిల్లల్లో ఎందరి పేర్లో ఈ గుడ్డ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

నకలు కుట్టాలంటే ముందు చార్టు గీయాలి. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. గుడ్డను పెద్దదిగా ఫొటో తీసి, పడుగు పోగులు, పేక పోగులు లెక్కపెడుతూ ప్రతి టాకా ఏ గడిలో పడిందో గుర్తించాలి. కొన్నిచోట్ల దారం అరిగిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల చిమ్మెట తినేసి ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు సాంప్లర్లలో చాలావాటిని ఉన్నిబట్ట మీద కుట్టారు, ఉన్ని అంటే చిమ్మెటకు పండగ. దారం లేనిచోట రంధ్రాలు చూడాలి. రంధ్రాలూ చెదిరిపోతే, అదే డిజైన్ ఆ గుడ్డలో మరోచోట వస్తుందేమో వెతకాలి. అక్కడా లేకపోతే అదే ఊళ్లో, అదే కాలంలో కుట్టిన మరో పిల్ల గుడ్డలో వెతకాలి. ఇంత చేసినా తెలియకపోతే చార్టులో ఆ చోట ఇది ఊహ అని రాసి పెట్టాలి. మంచి చార్టుకు గుర్తు ఆ నిజాయితీయే. స్కార్లెట్ లెటర్, హ్యాండ్స్ అక్రాస్ ది సీ సాంప్లర్స్ వంటి సంస్థలకు ఈ రంగంలో పేరు రావడానికి కారణం అందమైన డిజైన్లు ఎంచుకోవడం ఒక్కటే కాదు, ఈ లెక్క పట్ల గౌరవం.

ఇక తప్పుల సంగతికొస్తాను. నా మటుకు నాకు ఈ కళలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

పాత సాంప్లర్లలో తప్పు లేనిది దాదాపు ఉండదు. తీగ అంచు ఎడమ మూలనుంచి బయలుదేరి చక్కగా పైకి ఎక్కుతుంది. కుడి మూల చేరేసరికి తీగ మలుపూ గుడ్డ మలుపూ ఒకచోట కలవవు. అప్పుడా పిల్ల ఏం చేస్తుంది? ఒకరేమో ఒక ఆకును సగానికి కోస్తారు. ఇంకొకరు మూలలో ఒక చతురస్రం పెట్టి గండం గట్టెక్కుతారు. మరొకరు తీగను అక్కడే ఆపేసి, పక్క అంచులో కొత్తగా మొదలుపెడతారు. నీతి పద్యంలో ఒక పంక్తి చివరి అక్షరాలకు చోటు చాలదు. మిగిలిన రెండక్షరాలు పై పంక్తికీ కింది పంక్తికీ మధ్య చిన్నగా ఇరుక్కుంటాయి. అక్షరమాలలో ఒక అక్షరం తప్పిపోతే పైన బుల్లిగా చేరుతుంది. రెండు నెమళ్లు ఎదురెదురుగా నిలబడాలి. ఒకదాని కాలు మరోదానికన్నా ఒక పోగు కిందికి దిగుతుంది.

ఇప్పటి కంప్యూటర్ చార్టులో వీటన్నిటినీ సరిచేయడం చిటికెలో పని. సరిచేసి అమ్మేవాళ్లున్నారు, అలాంటివి కుట్టేవాళ్లూ ఉన్నారు. వాటిని నేను నకలుగా లెక్కించను. ఆ పాత గుడ్డ ఆధారంగా చేసిన కొత్త డిజైన్ అంటాను. అదేమీ నేరం కాదు, అందంగానూ ఉండవచ్చు. కానీ మూల కలవని చోట ఆ పిల్ల కనిపెట్టిన ఉపాయం పోతే, మనకు మిగిలేది పద్దెనిమిదో శతాబ్దపు పాఠం మాత్రమే. ఆ పాఠం నేర్చుకున్న మనిషి పోయినట్టే. డిజైన్ గురువమ్మది, అంచు ఊరందరిది. ఆ పిల్ల సొంతం అనదగింది ఈ తప్పూ, దాని దిద్దుబాటూను.

తప్పును మక్కీకి మక్కీ కుట్టడం ఒప్పును కుట్టడంకన్నా కష్టమని చేసి చూస్తేగాని తెలియదు. ఒక తీగలో ఆరు పువ్వులు ఒకే తీరున కుట్టిన చేయి ఏడోదాన్ని కూడా అలాగే కుట్టబోతుంది. చార్టులో ఏడోది ఒక టాకా పక్కకు జరిగి ఉంటుంది. అక్కడ చేయి ఆపి మళ్లీ లెక్కపెట్టాలి. అలా ఆగినచోట ఆ పిల్ల ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. అయిదో పువ్వు దగ్గరే ఆమె ఒక పోగు ఎక్కువ తీసుకుంది, ఏడోదాకా గమనించలేదు, గమనించాక విప్పకుండా సర్దుకుంది. చూసినప్పుడు ఒక క్షణంలో దాటిపోయే సంగతి కుట్టేటప్పుడు పూర్తిగా తెలిసొస్తుంది.

అక్షరమాలల్లో మరో తరహా సంగతి ఉంది. పాత ఆంగ్ల సాంప్లర్లలో చాలావాటికి ఇరవై నాలుగు అక్షరాలే. ఐ, జే రెండింటికీ ఒకటే రూపం, యూ, వీ రెండింటికీ ఒకటే. తెలియనివాళ్లు దీన్ని తప్పనుకుని ఆ రెండక్షరాలూ చేరుస్తారు. అది ఆ కాలపు వర్ణమాల, దాన్ని ముట్టుకోకూడదు. కొన్ని గుడ్డల్లో సంవత్సరంలోని చివరి అంకెలో, వయసో విప్పేసి ఉంటుంది. పెద్దయ్యాక తన వయసు గోడమీద వేలాడటం ఇష్టంలేక సాంప్లర్ కుట్టినావిడే విప్పుకుందని పాత వస్తువుల వ్యాపారులు చెబుతుంటారు. కారణం ఏదైనా, అక్కడ ఖాళీని ఖాళీగానే వదలాలి.

గుడ్డ విషయానికి వస్తే, లెక్క ఇంకా చిక్కుతుంది. ఇప్పుడు కుట్టుకోసం అమ్మే లినెన్‌లో సాధారణంగా అంగుళానికి పడుగు ఎన్ని పోగులో పేకా అన్నే ఉంటాయి. చేతిమగ్గం మీద నేసిన పాత లినెన్‌లో అలా ఉండేది కాదు. ఒకవైపు పోగులు దగ్గరగా, మరోవైపు దూరంగా ఉండేవి. కాబట్టి అసలు సాంప్లర్‌లో ఇల్లు కాస్త పొట్టిగా, జింక కాస్త పొడుగ్గా కనిపించవచ్చు. అదే చార్టును ఇప్పటి సమానమైన నేత మీద కుడితే టాకాల సంఖ్య ఒకటే అయినా ఇల్లు నిటారుగా లేస్తుంది. దీన్ని పట్టించుకునే కుట్టుకారులు నేతలో కావాలని హెచ్చుతగ్గులున్న లినెన్ వెతికి తెచ్చుకుంటారు. ఈ పట్టింపు కొందరికి చాదస్తంగా తోస్తుంది. కొలత మారితే ముఖం మారుతుందని నమ్మేవాళ్లకు ఇది చాదస్తం కాదు.

అంగుళానికి నలభై పోగులున్న లినెన్ మీద రెండేసి పోగులు దాటుతూ క్రాస్ స్టిచ్ వేస్తే అంగుళానికి ఇరవై టాకాలు, చదరపు అంగుళానికి నాలుగు వందలు. ఒక్కో పోగు దాటుతూ వేస్తే చదరపు అంగుళానికి పదహారు వందలు. పద్యాల్లోని సన్నని అక్షరాలు చాలాసార్లు ఇలా ఒక్క పోగు మీదే ఉంటాయి. దీపం వెలుతురులో, కిటికీ పక్కన పదేళ్ల పిల్లలు వేసిన టాకాలివి. ఇప్పుడు పెద్దవాళ్లు భూతద్దం బిగించిన దీపం కింద కూర్చుని వేస్తున్నారు. సూది మొన మొద్దుగా ఉండాలి, పోగును చీల్చకుండా పక్కకు తోసి వెళ్లాలి. రెండు పోగుల దారం వాడుతుంటే అవి మెలి పడకుండా పక్కపక్కన పడుకునేలా సూదిని వాటి నడుమనుంచి దించాలి. క్రాస్ పై గీత అన్ని టాకాల్లోనూ ఒకే వైపు వాలాలి. పాత పిల్లల్లో కొందరు దీన్నీ పాటించలేదు. వాళ్ల వాలునూ అలాగే తెచ్చే చార్టులు కొన్ని ఉన్నాయి, నేను వాటికి తలవంచుతాను.

రంగుల దగ్గర ఈ అభిరుచి ఉన్నవాళ్లు రెండుగా చీలిపోతారు. పాత సాంప్లర్ ముందువైపు వెలిసిపోయి ఉంటుంది. చట్రం ఊడదీసి వెనకవైపు చూస్తే గులాబీలు ఎర్రగా, ఆకులు పచ్చగా, ఆకాశం నీలంగా, నిన్న కుట్టినట్టు ఉంటాయి. అన్నిటికన్నా చిత్రం ఆకులది. ఆ రోజుల్లో పచ్చరంగు కావాలంటే దారాన్ని పసుపు రంగులోనూ నీలిమందులోనూ రెండుసార్లు అద్దేవాళ్లు. పసుపునిచ్చే మొక్కల రంగు ఎండకు నిలవదు, నీలి నిలుస్తుంది. అందుకే పాత గుడ్డల్లో చెట్లు నీలంగా కనబడతాయి. ఆ పిల్ల నీలం చెట్టు కుట్టలేదు.

మరైతే నకలులో చెట్టు నీలమా, పచ్చా? కాలం వేసిన రంగునే గౌరవించాలి అనేవాళ్లు నీలం కుడతారు. కుట్టిననాటి రంగే నిజం అనేవాళ్లు వెనకవైపు చూసి పచ్చ కుడతారు. చాలామంది మొదటి దారిలో ఉన్నారు, ఎందుకంటే ముదురు రంగుల కన్నా వెలిసిన రంగులు ఇప్పటి ఇళ్లలో బాగా ఇముడుతాయి. నాకు రెండో దారే సబబుగా తోస్తుంది. ఒక పిల్ల పచ్చని ఆకు చూసి, పచ్చని దారం ఎంచి, పచ్చగా కుట్టింది. ఆ ఎంపికను తిరిగి చూపించగలిగితే ఎందుకు చూపించకూడదు? వెనకవైపు ఫొటో ఉన్న చార్టు దొరికితే అందరూ ఒక్కసారైనా అలా కుట్టి చూడాలని నా కోరిక. కొత్త గుడ్డను టీ డికాషన్‌లో ముంచి పాతదానిలా చేయడం మాత్రం నాకు ఏ కోశానా నచ్చదు. టీలోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డను తినేస్తుంది. పైగా ఆ మరక అబద్ధం.

నలుపు సంగతి ఇంకొకటి. పాత సాంప్లర్లలో ఇంటి తలుపు, నెమలి కన్ను, అక్షరాల గీత వంటి నల్లని చోట్లు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. నల్లరంగుకు ఇనుము కలిపిన అద్దకం వాడేవాళ్లు. ఆ ఇనుమే మెల్లమెల్లగా పట్టుదారాన్ని పొడిపొడిగా రాల్చేస్తుంది. కాబట్టి కన్నులేని పక్షి కనబడితే అది కుట్టడం మరిచిపోయిన కన్ను కాదు, రాలిపోయిన నలుపు. ఇది తెలిసిన చార్టుకారు అక్కడ నల్ల టాకా పెడతారు.

గుడ్డ వెనకవైపు మరో విద్య దాగి ఉంటుంది. పదిహేడో శతాబ్దపు పట్టీ సాంప్లర్లలోని కుట్లు కొన్ని ముందూ వెనకా ఒకేలా కనబడతాయి. కాలర్లు, ముంజేతి పట్టీలు, దుప్పటి అంచులు రెండువైపులా కనిపించే వస్తువులు కనుక ముడి, తోక కనబడకూడదు. ఒకసారి ఒక టాకా వదిలి ఒకటి వేసుకుంటూ వెళ్లి, అదే దారిలో తిరిగివస్తూ ఖాళీలను నింపే ఈ కుట్టును హోల్‌బీన్ కుట్టంటారు. జర్మన్ చిత్రకారుడు హాన్స్ హోల్‌బీన్ వేసిన చిత్రాల్లో మనుషుల చొక్కా అంచులకు అది కనబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన పొరుగున ధార్వాడ ప్రాంతపు కసూతీ అనే కుట్టుపనిలో గవంతి అనే కుట్టు సరిగ్గా ఇదే. పోగులు లెక్కపెట్టడం, ముడి వేయకపోవడం, వెళ్లిన దారిలోనే తిరిగి రావడం, అన్నీ అవే. కసూతీ వచ్చిన చేయి ఇంగ్లిషు పట్టీ సాంప్లర్‌ను తడుముకోకుండా కుట్టేస్తుంది.

అన్ని సాంప్లర్లలోకీ నాకు మనసుకు దగ్గరైనవి రెండు చోట్లవి. రెండింటిలోనూ ఆడంబరం లేదు.

మొదటిది ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఉన్న ఆక్‌వర్త్ బడి. క్వేకర్ అనే క్రైస్తవ సమాజం వాళ్లు తమలో కలిగినవాళ్లు కాని కుటుంబాల పిల్లలకోసం 1779లో పెట్టారు. క్వేకర్లకు నిరాడంబరతే మతం. అందుకని అక్కడి పిల్లల గుడ్డల్లో ఇళ్లూ పూలతోటలూ బాగా తక్కువ. ఎనిమిది కోణాల పతకాలు, అంచుల్లో సగానికి తెగిన పతకాలు, వాటి నడుమ జంట పక్షులు, చిన్న పూరెమ్మలు, స్నేహితుల పేర్ల పొడి అక్షరాలు. కొన్ని గుడ్డలు మొత్తం ఒకే రంగు దారంతో ఉంటాయి. ఒకే రంగులో కళ్లు తిప్పుకోనివ్వని గుడ్డ చేయడానికి ఎంత లెక్క తెలియాలి! పతకంలో ప్రతి కోణమూ ముందు కోణానికి ప్రతిబింబం. మొదట్లో ఒక్క పోగు తేడా వస్తే ఆ తేడా పతకమంతా చుట్టి వచ్చి చివరి టాకా దగ్గర బయటపడుతుంది, మొదలూ చివరా కలవవు. అంటే ఈ పతకం తన తప్పును తానే పట్టిస్తుంది. లెక్కల పాఠం, ఓపిక పాఠం ఒకే గుడ్డలో చెప్పిన ఆ బడి పంతులమ్మల తెలివికి నమస్కారం. ఈ పతకాలే సముద్రం దాటి, అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1799లో తెరిచిన వెస్ట్‌టౌన్ అనే క్వేకర్ బడిపిల్లల గుడ్డల్లోకీ వెళ్లాయి. ఇవాళ నకలు సాంప్లర్లు కుట్టేవాళ్లలో క్వేకర్ పతకం ఒక్కటైనా కుట్టనివాళ్లు అరుదు.

రెండోది బ్రిస్టల్ అనాథాశ్రమం. దాన్ని స్థాపించిన జార్జ్ ముల్లర్ పేరు మన క్రైస్తవ కుటుంబాలకు కొత్త కాదు. ఆయన 1836లో అనాథలను చేరదీయడం మొదలుపెట్టి, 1849 నుంచి యాష్లీ డౌన్ అనే చోట ఒకదాని తర్వాత ఒకటి అయిదు పెద్ద ఇళ్లు కట్టించాడు. ఆయన జీవితకాలంలో పదివేలమందికి పైగా పిల్లలు అక్కడ పెరిగారు. గోదావరి డెల్టాకు ఆయన చుట్టరికం కూడా ఉంది: 1836లో మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులను ఈ తీరానికి వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ముల్లర్ భార్యకు సొంత అన్న.

బ్రిస్టల్ పిల్లల సాంప్లర్లు ఒక్కచూపులో పోల్చుకోవచ్చు. తెల్లని గుడ్డ, ఎక్కువగా ఎర్రదారం ఒక్కటే, జాగా వదలకుండా అక్షరమాల మీద అక్షరమాల. పెద్దవి, చిన్నవి, వంకీలవి, నిటారువి, గోరంతవి. వాటికింద అంకెలు, అంచు ముక్కలు, మూల డిజైన్లు, ఒక బైబిలు బొమ్మ, నేస్తాల పొడి అక్షరాలు. అందంకోసం కుట్టినవి కావివి. ఆ ఆడపిల్లలు పదిహేడేళ్లప్పుడు ఆశ్రమం వదిలి కలవారి ఇళ్లలో పనికి కుదరాలి. కలవారి ఇంట్లో ప్రతి దుప్పటికీ తుండుకూ యజమాని పొడి అక్షరాలు, వరుస సంఖ్య కుట్టి ఉండాలి. చాకిరేవుకు వెళ్లిన బట్ట తిరిగి తన బీరువాకే రావాలి, అన్నీ వంతులవారీగా వాడకంలోకి రావాలి. మన రజకులు నల్లజీడి గింజ రసంతో బట్ట మూల గుర్తు పెట్టినట్టే, అక్కడ ఆ పని సూది చేసింది. ఎన్ని రకాల అక్షరాలు వస్తే అంత మంచి చోట కొలువు. తన చేతి పని చూపించుకోవడానికి ఆ పిల్ల దగ్గరున్నది ఈ గుడ్డే.

ఎరుపే ఎందుకంటే, టర్కీ ఎరుపు అనే ఆ అద్దకం సబ్బునీళ్లలో మరగబెట్టినా దిగదు. మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల నుంచి తీసేవాళ్లు. అందులో ఎరుపునిచ్చే అలిజరిన్ అనే పదార్థమే మన తీరంలోని చిరువేరులోనూ ఉంది. మచిలీపట్నం కలంకారీ ఎరుపు శతాబ్దాల పాటు ఐరోపాను మురిపించింది దానివల్లే.

బ్రిస్టల్ గుడ్డను కుట్టేవాళ్లు మొదట్లో సులువనుకుంటారు: రంగులు మార్చక్కర్లేదు, బొమ్మలు తక్కువ. కొంతదూరం వెళ్లాక అసలు పరీక్ష తెలుస్తుంది. ఒకే ఎరుపు, ఒకే టాకా, వందలాది అక్షరాలు. కంటికి ఊరట ఉండదు. ఒక అక్షరమాల ముగించి మరోటి మొదలుపెట్టేచోట గీత ఒక్క పోగు తప్పితే మిగతా వరుసలన్నీ చోటు తప్పుతాయి. ఆ పిల్లల్లో కొందరి గుడ్డలు వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే మార్కు వేసే దుప్పటికి వెనకవైపు ఉండకూడదు. నేను ఇంతవరకు చూసిన కుట్టుపనిలో క్రమశిక్షణకు దీన్ని మించింది లేదు.

ఎర్రదారంతోనే కుట్టిన మరో గుడ్డ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని గురించి చెప్పకుండా ఉండలేను. ససెక్స్‌లోని ఆష్‌బర్న్‌హామ్ ఊరి ఎలిజబెత్ పార్కర్ 1813లో పుట్టింది. చిన్నప్పుడే ఇళ్లలో పనికి కుదిరింది. 1830 ప్రాంతంలో ఆమె ఒక పెద్ద లినెన్ గుడ్డ మీద, అక్షరమాల లేకుండా, అంచు లేకుండా, ఒక్క పువ్వైనా లేకుండా, తన కథ కుట్టింది. పనిచేసిన ఇంట్లో పడ్డ హింస, చచ్చిపోవాలనిపించిన రోజులు, దేవుడి ముందు భయం, అన్నీ సన్నని ఎర్రని క్రాస్ స్టిచ్‌లో. చివరి వాక్యం మధ్యలో ఆగిపోతుంది. కింద గుడ్డ ఖాళీగా ఉంది. ఆమె 1889 దాకా బతికింది.

ఈ గుడ్డకు నకలు కుట్టవచ్చా? నకళ్లు కుట్టేవాళ్లలో చాలామంది గోడ అందంకోసమే కుడతారు. ఒక మనిషి గోడును గోడకు అలంకారంగా మార్చడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: ఆమె అక్షరాల్లో ప్రతి టాకానూ మళ్లీ వేసిన మనిషి ఆ వాక్యాలను తొందరగా చదివి దాటిపోలేదు. అక్షరానికి ఇరవై ముప్పై టాకాలు పడే చోట ఒక్క మాట చదవడానికి అరగంట పడుతుంది. ఆ నెమ్మదితో చదివించుకునే హక్కు ఎలిజబెత్ పార్కర్‌కు ఉంది. చట్రంలో పెట్టకపోయినా సరే, వేలాడదీయకపోయినా సరే, కుట్టదలచినవాళ్లు కుట్టవచ్చనే నేను అంటాను.

బ్రాంటీ అక్కచెల్లెళ్ల సాంప్లర్లు చూసినవాళ్లకు మరో సంగతి తెలుస్తుంది. షార్లట్, ఎమిలీ 1829లో, ఆన్ 1830లో ముగించిన ఆ గుడ్డల్లో బైబిలు వాక్యాలు, ముతక నేత, ఒకే ముదురు దారం, సాదా అంచు. ఆ తర్వాత ఆంగ్ల నవలకు పెద్ద పేరు తెచ్చిన చేతులివి. గుడ్డలో మాత్రం వాళ్లు మామూలు పిల్లలే. సాంప్లర్ ఎవరిలోనూ ప్రతిభను వెతకదు, శ్రద్ధ ఉందో లేదో చూస్తుంది.

మన దగ్గర కుట్లు అల్లికలు వచ్చినవాళ్లకు ఈ దారిలో అడుగుపెట్టడం కష్టం కాదు. కుట్టు సామాన్ల దుకాణంలో దొరికే మ్యాటీ గుడ్డ మీద గళ్లు స్పష్టంగా ఉంటాయి, మొదటి పతకానికి అది చాలు. యాంకర్ దారం చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది. కట్టకు ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు. అందులో ఒకటో రెండో పోగులు విడదీసి వాడుకోవాలి. చేయి కుదిరాక లినెన్ మీదికి వెళ్లవచ్చు. మొదటే పెద్ద ఇంటి సాంప్లర్ జోలికి పోవద్దు. ఒక క్వేకర్ పతకం గానీ, బ్రిస్టల్ గుడ్డలోని ఒక్క అక్షరమాల గానీ చాలు. చార్టు కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి: అసలు గుడ్డ ఎవరిది, ఏ సంవత్సరానిది అని రాసి ఉందా, తప్పులు ఉంచారా దిద్దారా అన్నది చెప్పారా. ఈ రెండూ లేని చార్టు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

కుట్టడం పూర్తయ్యాక అసలు కుట్టిన పిల్ల పేరు, వయసు, సంవత్సరం ఉన్నచోటే ఉండనివ్వండి, వాటిని మార్చి మీవి పెట్టకండి. మీ పొడి అక్షరాలు, మీరు కుట్టిన సంవత్సరం గుడ్డ వెనకో, అంచు కిందో వేరుగా వేయండి. వందేళ్ల తర్వాత ఎవరి చేతికైనా అది చేరితే అసలేదో నకలేదో వాళ్లకు తెలియాలి. ఎండ తగిలే గోడకు మాత్రం వేలాడదీయకండి.